ఇంజను సంగతి తర్వాత, ముందు అద్దాలు చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. చిత్తూరులో ఉద్యోగం, వయసు ముప్పై నాలుగు. ఇప్పటిదాకా నడిపినవి మోటారు సైకిలు, నాన్నగారి పాత మారుతి. సొంత డబ్బుతో కారు కొనడం ఇదే మొదటిసారి. బెంగళూరులో 2012 నాటి మెర్సిడెస్ ఈ 350 కూపే, అంటే రెండు తలుపుల కారు, కంటపడింది. పెట్రోలు బండి, మీటరులో 58 వేల కిలోమీటర్లు, ఇప్పటికి ఇద్దరి చేతులు మారింది, 16 లక్షలు చెబుతున్నారు. మీరు కూడబెట్టింది 18 లక్షలు. "ఇంట్లో అందరూ వద్దంటున్నారు, కొనవచ్చా అన్నా?" అని అడిగారు.

కొనవచ్చు. కానీ ఈ ధరకు మాత్రం వద్దు, వచ్చే వారమే వద్దు. ఎందుకో చెప్పడానికి కాస్త సమయం పడుతుంది.

నాది తిరుపతి. ఎనిమిదేళ్లుగా ఒక పాత జర్మన్ కూపేను మేపుతున్నాను. ఏ కంపెనీదో చెప్పను. మీది కాదు, దాని వరసలోదే అనుకోండి. మేపుతున్నాను అన్నది కూడా ఆలోచించి వాడిన మాటే. అన్నా అని పిలిచారు కాబట్టి కొంచెం చనువుగానే మాట్లాడతాను.

ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అంటారు కదా. పాత ఖరీదైన కార్ల విషయంలో ఈ సామెతలో సగమే నిజం. ఈ కారు కొత్తగా ఉన్నప్పుడు ఇప్పటి ధరకు మూడు నాలుగు రెట్లు పలికింది. ఇన్నేళ్లలో కారు విలువ కరిగిపోయింది. దాని హెడ్‌లైటు విలువ మాత్రం కరగలేదు, ఇంకా పెరిగింది. మీరు 16 లక్షల కారును కొంటున్నానని అనుకుంటున్నారు. మరమ్మతుల విషయంలో మాత్రం మీరు అరవై లక్షల కారుకే యజమాని. ఇంట్లో వద్దంటున్న పెద్దవాళ్లకు ఈ లెక్క మాటల్లో చెప్పడం రాకపోవచ్చు, కానీ వాళ్ల అనుమానం సరైన చోటే ఉంది.

ఇక కొనడానికి వెళ్లే ప్రతి ఒక్కరూ చేసే పొరపాటు గురించి చెబుతాను. నేనూ చేశాను. బానెట్ ఎత్తించి ఇంజను చుట్టూ గంటసేపు తిరుగుతాం. తెలిసిన మెకానిక్ చెవి ఆనించి వింటాడు, పొగ చూస్తాడు, "ఇంజను బాగుంది సార్" అంటాడు. మనం అడ్వాన్సు ఇచ్చేస్తాం. నిజానికి కూపేలో ఇంజను గురించి బెంగ కొంచెం తక్కువే పెట్టుకోవచ్చు. మీరు చూసిన కారులో ఉండవలసింది ఎం276 అనే వి6, అంటే ఆరు సిలిండర్ల ఇంజను, 3,498 సీసీ, 306 హార్స్‌పవర్. అదే ఇంజను ఆ కంపెనీ ఇంకా చాలా మోడళ్లలో వాడింది. అడుగు భాగం చూస్తే, పేరుకు ఈ-క్లాస్ అయినా ఈ కూపేను నిలబెట్టింది అప్పటి సి-క్లాస్ పునాది మీద. చక్రాల మధ్య దూరం కూడా సి-క్లాస్‌దే, 2,760 మిల్లీమీటర్లు. ఆ సి-క్లాస్ పుణె దగ్గర చాకన్‌లో బిగించి మన దేశంలో వేల సంఖ్యలో అమ్మిన కారు. కాబట్టి లోయర్ ఆర్మ్, బుష్‌లు, బేరింగులు, బ్రేకు ప్యాడ్లు లాంటివి చెన్నైలోనో బెంగళూరులోనో ఎలాగో ఒకలా దొరుకుతాయి. కంపెనీ సరుకు ఖరీదనిపిస్తే ఇతర తయారీదారులవి కూడా ఉంటాయి.

కూపే మాత్రం జర్మనీలోని బ్రెమెన్‌లో తయారై ఓడెక్కి వచ్చింది. దాని తలుపులు, పక్క అద్దాలు, వెనుక అద్దం, తలుపుల బీడింగు, అంటే అంచు రబ్బరు, వెనుక లైట్లు, బంపర్లు నాలుగు తలుపుల సెడాన్ వాటితో కలవవు. మన రోడ్ల మీద ఇవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని తిరుగుతున్నాయి కాబట్టి వాటి సామాను ఏ దుకాణదారుడూ నిల్వ పెట్టుకోడు. అందుకే ముందు అద్దాలు చూడమంటున్నాను.

నా అనుభవం చెబుతాను. కారు కొన్న రెండో ఏడాది, బైరాగిపట్టెడలో మా బావమరిది ఇంటి ముందు ఆపాను. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మేము లోపల కాఫీ తాగుతుండగా ఠప్పుమని చప్పుడు. బయటకు వచ్చి చూస్తే వెనుక పక్క అద్దం పొడి పొడిగా సీటు మీద పడి ఉంది, మధ్యలో ఎర్ర బంతి. ఒక్క పిల్లవాడూ లేడు వీధిలో. సాయంత్రానికి ఒకాయన కొడుకు చెవి పట్టుకుని తీసుకొచ్చి, జేబులోంచి రెండు వేలు తీసి, "అద్దం వేయించుకోండి సార్, పిల్లవాడు తెలియక చేశాడు" అన్నారు. నేను తీసుకోలేదు. నా మంచితనం వల్ల కాదు. అప్పటికే చెన్నైకి ఫోను చేసి ధర కనుక్కున్నాను, ఆ అంకె ఆయనకు చెప్పే ధైర్యం లేకపోయింది. అది నా మొదటి మోటారు సైకిలు ధర కంటే ఎక్కువ.

ధర ఒక ఎత్తు, ఎదురుచూపు ఇంకొక ఎత్తు. అద్దం విదేశం నుంచి రావాలన్నారు. ఈలోగా చెన్నై పుదుపేటలో, అంటే పాత కార్లను విప్పి ముక్కలుగా అమ్మే వీధుల్లో, రెండు రోజులు తిరిగాను. అక్కడ సెడాన్ తలుపులు గోడకు గోడలు పేర్చి ఉన్నాయి. నా కూపే అద్దం పేరు చెబితే ఒక ముసలాయన నవ్వి టీ ఇప్పించాడు. బెంగళూరు జేసీ రోడ్డులోనూ అదే కథ. తొమ్మిది వారాలు ఆ ఖాళీలో ప్లాస్టిక్ షీటు, చుట్టూ టేపు అతికించుకుని తిరిగాను. అరవై దాటితే అది డప్పులా మోగేది. మా ఆవిడ ఆ తొమ్మిది వారాలూ కారెక్కలేదు. మన ప్రాంతంలో ఏమి తయారు కావు చెప్పండి? కరకంబాడిలో బ్యాటరీలు, చిన్నపాండూరులో టైర్లు, శ్రీసిటీలో ఇసుజు బండ్లు, మాదన్నపాళెంలో మోటారు సైకిళ్లు. వాటన్నిటి మధ్య కూర్చుని ఒక్క గాజు ముక్క కోసం సముద్రం వైపు చూశాను.

కాబట్టి మీరు వెళ్లినప్పుడు బానెట్ దగ్గరకు వెళ్లకుండా, ముందు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. ప్రతి అద్దం మూలలో కంపెనీ గుర్తు, కింద చిన్న అంకె, చుక్కలు ఉంటాయి. ఆ అంకె తయారైన సంవత్సరాన్ని చెబుతుంది. అన్నిటిమీదా ఒకే సంవత్సరం, లేదా దాని పక్క సంవత్సరం ఉండాలి. ఒక్కటి వేరుగా ఉంటే ఎందుకు మార్చారో అడగండి. ముందు అద్దం మారడం మామూలే, రాయి తగిలి ఉంటుంది. పక్క అద్దం మీద సంవత్సరం వేరుగా ఉండి, అదే వైపు తలుపు రంగులో తేడా కూడా కనిపిస్తే ఆ వైపు పెద్ద దెబ్బ తిన్నదని అర్థం.

తర్వాత తలుపు. ఈ కారు తలుపుకు అద్దం చుట్టూ ఫ్రేము ఉండదు, ముందు అద్దానికీ వెనుక అద్దానికీ మధ్య స్తంభమూ ఉండదు. నాలుగు అద్దాలూ దించితే పక్కంతా ఖాళీయే, ఆ అందం చూసే మీరు పడిపోయి ఉంటారు. ఆ అందం ఒక చిన్న కదలిక మీద ఆధారపడి ఉంది. బయట హ్యాండిల్‌ను మెల్లగా, సగం వరకు లాగండి. తలుపు తెరుచుకోకముందే అద్దం ఒక వేలెడు కిందికి దిగాలి. తలుపు వేశాక మళ్లీ పైకి లేచి బీడింగు గాడిలోకి దూరి కూర్చోవాలి. రెండు తలుపులకూ పదేసి సార్లు ఇలా చేసి చూడండి, అమ్మే మనిషి విసుక్కున్నా సరే. దిగడంలో తడబాటు ఉన్నా, లేచాక అద్దం బీడింగు బయటే ఆగిపోయినా లోపల మోటారో, అమరికో దెబ్బతిన్నట్టే. బ్యాటరీ బలహీనపడితే అద్దం దిగదు. దిగకుండానే తలుపు లాగి లాగి తెరిస్తే బీడింగు చిరుగుతుంది. వేలితో బీడింగు పొడవునా తడమండి. మెత్తగా, జారుడుగా ఉండాలి. ఎండకు గట్టిపడి పెళుసుగా తగిలితే వానాకాలంలో మీ మోకాలి మీద నీళ్లు పడతాయి. అవే నీళ్లు తలుపులోని స్విచ్చుల దాకా వెళతాయి.

ఆ తలుపు పొడవు కూడా గమనించండి. మామూలు కారు తలుపు కంటే జానెడు ఎక్కువ. చిత్తూరు బజారులోగాని, మా గాంధీ రోడ్డులోగాని రెండు కార్ల మధ్య ఆపితే మీరు దిగడానికి పొట్ట లోపలికి పీల్చుకోవాలి. పొడవు ఎక్కువ కాబట్టి బరువూ ఎక్కువ, కీళ్లు త్వరగా అరుగుతాయి. తలుపు సగం తెరిచి కొసను రెండు చేతులతో పైకి ఎత్తి చూడండి. కీళ్లలో వదులు కనిపిస్తే బేరంలో ఒక మాట పెరుగుతుంది.

మన వాళ్లు పట్టించుకోని శత్రువు మరొకటి ఉంది, వేపాకు. బానెట్ చివర, ముందు అద్దం కింద నీళ్లు జారిపోయే కాలువ ఉంటుంది. చెట్టు నీడన ఆపడం మనకు అలవాటు. రాలిన ఆకు ఆ కాలువలో చేరి కుళ్లి, నీళ్లు పోయే రంధ్రాన్ని మూసేస్తుంది. నా కారులో ఒక కార్తీకమాసం వానకు డ్రైవరు కాళ్ల దగ్గర తివాచీ కింద రెండు మగ్గుల నీళ్లు తీశాను, తప్పు పూర్తిగా నాదే. ఈ కార్లలో వైర్లు, కంట్రోల్ పెట్టెలు సగం నేల మీదే పరుచుకుని ఉంటాయి. మీరు చూసే కారులో తివాచీ అంచు ఎత్తి అడుగున చేయి పెట్టండి. తడి, బూజు వాసన, కొత్తగా అతికించిన తివాచీ, మూడింటిలో ఏది ఉన్నా అనుమానించండి. సీటు బెల్టును చివరిదాకా లాగి వాసన చూడండి, మురుగు వాసన ఎన్ని సార్లు ఉతికినా అక్కడ మిగులుతుంది. చెన్నైలో 2015లోనూ, 2023లోనూ మునిగిన కార్లు ఎన్నో ఎక్కడెక్కడికో వెళ్లాయి. ఇప్పుడు ఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉందన్నదాన్ని బట్టి ఆ కారు ఎక్కడ మునిగిందో తెలియదు.

సరే, ఇంజను. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు చెవి పెట్టి వినండి. గలగలమని గొలుసు చప్పుడు వచ్చి ఆగిపోతే, టైమింగ్ గొలుసును బిగువుగా ఉంచే భాగం దగ్గర ఆయిలు నిలవడం లేదని అర్థం. ఈ ఇంజనులో, ముఖ్యంగా మొదట్లో వచ్చినవాటిలో, ఇది తెలిసిన లోపమే. వెంటనే ప్రాణం తీయదు గానీ వదిలేస్తే ఖర్చు పెద్దది. వేడెక్కిన ఇంజనులో ఈ చప్పుడు సాధారణంగా వినిపించదు. గేర్‌బాక్సు ఏడు గేర్ల ఆటోమేటిక్. రివర్స్‌లో వేసినప్పుడు ఒక క్షణం ఆలోచించి ధబ్బున పడితే, లేదా ఆగబోతున్నప్పుడు వెనుక నుంచి ఎవరో తట్టినట్టు అనిపిస్తే, దాని ఆయిలు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. జీవితాంతం మార్చక్కరలేదని చెప్పేవాళ్ల మాట వినకండి. అరవై వేల కిలోమీటర్లలోపు ఒకసారి మార్చి ఉండాలి.

ఈ తరం కార్లలో ఇంకొక సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. స్టీరింగుకు ఎలక్ట్రానిక్ తాళం ఉంటుంది. తాళంచెవి పెట్టగానే సన్నగా జుయ్యిమని చప్పుడు వచ్చి స్టీరింగు విడుదలవుతుంది. లోపలి చిన్న మోటారు అరిగిపోతే ఒకరోజు ఆ చప్పుడు రాదు, తాళంచెవి తిరగదు, కారు కదలదు. ముందస్తు హెచ్చరిక ఏమీ ఉండదు. దొంగతనానికి సంబంధించిన భాగం కాబట్టి ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూపిస్తేగాని కంపెనీ కొత్తది ఇవ్వదు. దాన్ని కారుకు జత చేయడానికి కంపెనీ కంప్యూటరు కావాలి. ఇది కారులో ఇప్పటికే మార్చి ఉంటే అది లోపం కాదు, అదృష్టం. కాణిపాకం గుడి బయట ఎండలో నిలబడి రికవరీ వ్యాన్ కోసం ఎదురు చూసే ఓపిక మీకు ఉందో లేదో ముందే ఆలోచించుకోండి. చిత్తూరు నుంచి బెంగళూరుకు దాదాపు 180 కిలోమీటర్లు. చెన్నై ఇంకొంచెం దగ్గర. మీ ఊరి మెకానిక్ షెడ్డులో ఆయిలు, బ్రేకులు, టైర్లు చూసుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ వస్తే మాత్రం ఒక రోజు సెలవు, వ్యాన్ బాడుగ తప్పవు.

ఒక శుభవార్త కూడా ఉంది. ఈ కూపేలో గాలి సస్పెన్షన్ లేదు, మామూలు ఇనుప స్ప్రింగులే. ఇదే డబ్బుకు, ఒక్కోసారి తక్కువకే, మెర్సిడెస్‌దే ఇంతకంటే పెద్ద సీఎల్ కూపే చూపిస్తామని బ్రోకర్లు ఆశ పెడతారు. దానిలో ఎక్కువ వాటికి హైడ్రాలిక్ సస్పెన్షన్ ఉంటుంది. ఒక కాలు కుంటుపడితే మిగతా మూడూ దాని వెంటే పోతాయి. బీఎండబ్ల్యూ 650ఐ కూడా అందమైనదే, కానీ ఆ పాత వి8లో వాల్వు సీళ్లు పోయి నీలం పొగ రావడం, ఇంజను లోపలి కూలెంట్ గొట్టం కారడం ప్రసిద్ధం. మొదటి కారుగా ఆ రెండింటి జోలికి పోకండి. మీరు ఎంచుకున్నది నిజంగానే తెలివైన ఎంపిక.

కాగితాల దగ్గరకు వద్దాం. మొదటిసారి కొనేవాళ్లు ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. కారు కర్ణాటక నంబరుది. సరిహద్దు ఊళ్లలో ఆ నంబరుతోనే ఏళ్ల తరబడి తిప్పేవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, వాళ్లను చూసి ధైర్యం తెచ్చుకోకండి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచే వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. అందుకు బెంగళూరులో అసలు రిజిస్ట్రేషన్ అయిన ఆఫీసు నుంచి 28వ నంబరు ఫారంతో ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కావాలి. యాజమాన్యం మార్పుకు 29, 30 ఫారాలు. బ్యాంకు అప్పు ఉండి తీరిపోతే 35వ ఫారం. ఎన్‌ఓసీ ఇప్పించే బాధ్యత అమ్మేవారిదేనని ఒప్పంద పత్రంలో రాయించి, కొంత సొమ్ము అది చేతికి వచ్చేదాకా ఆపండి. "నెలలో పంపిస్తాం సార్" అన్న మాట మీద మొత్తం కట్టేసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. ముగ్గురూ ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

ఇక్కడి లైఫ్ ట్యాక్స్ మీరు కొన్న ధర మీద వేయరు. కారు కొత్తగా ఉన్నప్పటి ధర తీసుకుని, వయసును బట్టి తగ్గించిన శాతం వేస్తారు. పదహారు లక్షల మీద లెక్క వేసుకుని వెళ్లినవాళ్లకు ఆ అంకె చూస్తే చెమట పడుతుంది. అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్‌సీ నకలు, పాత ఇన్వాయిసు పట్టుకుని చిత్తూరు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి లెక్క వేయించుకోండి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని తిరిగి అడిగే వీలుంటుంది, ఆ డబ్బు ఎవరికి చెందాలో కూడా పత్రంలోనే రాసుకోండి. ఇంకొకటి, 2012లో నమోదైన కారుకు ఆర్‌సీ గడువు 15 ఏళ్లు, అంటే 2027 వరకే. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ ఖర్చు మీ హయాంలోనే వస్తుంది కాబట్టి బేరంలో దాన్ని గట్టిగా వాడండి. ఢిల్లీ నంబరు కారు ఇంకా చౌకగా ఉందని ఎవరైనా చెబితే, అక్కడ పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షల వల్లే ఆ చౌక అని గుర్తుంచుకోండి.

బీమా విషయంలో మన అద్దాలే మళ్లీ ముందుకొస్తాయి. పాత కారుకు థర్డ్ పార్టీ, అంటే ఎదుటివారి నష్టానికి మాత్రమే ఇచ్చే బీమా, ఒక్కటి చాలు అని చాలామంది అంటారు. 1,500 సీసీ దాటిన కారుకు అది 2022 రేటు ప్రకారం ఏడాదికి 7,897 రూపాయలు, పన్ను అదనం. మీ కారుకు అది చాలదు. పూర్తి బీమా క్లెయిములో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం కోస్తారు. పదేళ్లు దాటిన కారు ఇనుప భాగాలకూ సగమే ఇస్తారు. అద్దానికి మాత్రం తరుగుదల కోత ఉండదు. ఈ ఒక్క వాక్యం నాకు ఆ క్రికెట్ బంతికి ముందు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. ఐదేళ్లు దాటిన కారు విలువ ఎంతని పాలసీలో రాయాలో మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ప్రీమియం తగ్గుతుందని దాన్ని తగ్గించి రాయించకండి. మరమ్మతు ఖర్చు ఆ విలువలో ముప్పాతిక దాటితే కారు మొత్తం పోయినట్టే లెక్కగట్టి తీసుకుపోతారు. రెండు హెడ్‌లైట్లు, బంపరు, ఎయిర్‌బ్యాగులు కలిస్తే అక్కడిదాకా చేరడం కష్టమేమీ కాదు. పాలసీ మీ పేరుకు మార్చుకోవడానికి యాజమాన్యం మారిన రోజు నుంచి 14 రోజుల గడువు. ఆలోపే చేయించండి.

నా లెక్క పుస్తకంలో మొదటి ఏడాది ఖర్చు 2 లక్షల 90 వేలు, పెట్రోలు కాకుండా. అందులో నాలుగు టైర్లు ఉన్నాయి. తర్వాత సగటున లక్షా పది. పెట్రోలు ఊరిలో లీటరుకు ఆరు ఏడు, హైవేలో పది. మీ కారుకు వెనుక టైర్లు ముందువాటి కంటే వెడల్పుగా ఉన్న చక్రాలు వేసి ఉంటే ముందువి వెనక్కి, వెనుకవి ముందుకి మార్చి అరుగుదల సరిచేసే వీలుండదు. టైరు పక్కన నాలుగంకెల తేదీ చదవండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఎలుకల గురించి కూడా రాద్దామనుకున్నాను గానీ, మీ ఇల్లు మామిడి తోటల పక్కనే అయితే మీకు నేను చెప్పనక్కరలేదు. వారానికి రెండు సార్లయినా కారు తీయండి.

ఈ కారుతో మీకు ఏమి దక్కుతుందో కూడా చెప్పాలి, లేకపోతే నేను అన్యాయం చేసినవాడినవుతాను. రాత్రి పదింటికి పూతలపట్టు నుంచి తిరుపతి వైపు, నాలుగు అద్దాలూ దించి, ఎనభైలో, ఇంజను గొణుగుడు తప్ప మరేమీ వినిపించకుండా రావడం ఎలా ఉంటుందో రాసి చెప్పలేను. తిరుమల ఘాట్‌లో మాత్రం ఆశలు పెట్టుకోకండి. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కంటే ముందు చేరితే జరిమానా. మీ 306 గుర్రాలూ పక్కనున్న ఆల్టో వెనకే గోవిందా అనుకుంటూ నడవాలి.

ఇక ధర. మీ దగ్గరున్న 18 లక్షల్లో నాలుగు లక్షలు ఇప్పుడే విడదీసి, చేయి వేయలేని చోట పెట్టండి. అవి మొదటి ఏడాది కారుకు. లైఫ్ ట్యాక్స్ లెక్క తెలిశాక అదీ తీసేయండి. మిగిలిందే మీ బేరం. నా అంచనా ప్రకారం అది పద్నాలుగుకు బాగా కిందే తేలుతుంది. ఆ ధరకు అమ్మే ఆయన ఇవ్వకపోతే వదిలేయండి. ఇలాంటి కార్లు కొనేవాళ్లు తక్కువ, మూడు నెలల తర్వాత ఆయనే ఫోను చేసే అవకాశం ఎక్కువ. ఒప్పుకుంటే, కొనకముందే కంపెనీ కంప్యూటరు ఉన్న ఒక స్వతంత్ర షెడ్డులో తనిఖీ చేయించండి. ఆ తనిఖీకి ఆయన వద్దంటే కారణం అడగక్కరలేదు. చాసిస్ నంబరులో డబ్ల్యూడీడీ తర్వాత 207 అని ఉండాలి, అదే ఈ కూపే గుర్తు. ఆర్‌సీలో, అద్దం కింద, రెండు చోట్లా అదే నంబరు ఉందో లేదో మీరే చూడండి.

శనివారం తెల్లవారుజామున బయలుదేరితే మొగిలి ఘాట్ ఎక్కేసరికి వెలుతురు వస్తుంది, తొమ్మిదికి బెంగళూరులో ఉంటారు. వానలో చూడకండి, సాయంత్రం చూడకండి, తడిగా కడిగిపెట్టిన కారును అసలే చూడకండి. నీళ్ల కింద గీతలు కనిపించవు. ముందు రోజు రాత్రి నుంచి ఇంజను స్టార్ట్ చేయవద్దని ఆయనకు శుక్రవారమే ఫోను చేసి చెప్పండి. చేరగానే పలకరింపులకంటే ముందు అరచేయి బానెట్ మీద పెట్టండి. వెచ్చగా తగిలితే మంచి కాఫీ తాగి, ఇంకో రోజు వస్తామని చెప్పి వెనక్కి వచ్చేయండి.